మూడేళ్ళ బిల్లుల్లేని బట్ట

పొద్దున్న ఇడ్లీ పాత్ర దించుతుంటే, మేం వేసిన టెండర్ మీద మెయిల్ వచ్చింది. 'సాంకేతికంగా అనర్హులు.' కారణం ఒక్క లైను: గత మూడేళ్ళలో ఇదే రకం వస్తువు సరఫరా చేసినట్టు రుజువు జతపరచలేదు.

అసలు పిలిచింది దేనికో తెలుసా? విషవాయువుల నుంచి జవాన్లను కాపాడే సూట్ కోసం, మన ఎండలకు తట్టుకునేలా, తేలికగా ఉండే కొత్త బట్ట చేసి చూపించమని. కొత్తది అని వాళ్ళే రాశారు, నాలుగు చోట్ల. కొత్తదాన్ని మూడేళ్ళుగా ఎలా అమ్మి ఉంటామండీ? పెళ్ళిచూపులకు వచ్చి, అమ్మాయికి మూడేళ్ళ కాపురం అనుభవం ఉందా అని అడిగినట్టుంది.

చిన్న పరిశ్రమలకు అనుభవం విషయంలో సడలింపు ఇవ్వొచ్చని రూల్ ఉంది. 'ఇవ్వొచ్చు' అన్నారు, 'ఇవ్వాలి' అనలేదు. ఆ ఒక్క మాటలోనే మా బతుకంతా ఉంది.

ఫోన్ చేశాను. "మేడమ్, సార్ లేరా?" అన్నాడు అవతలాయన. ఉన్నారు నాయనా. హైస్కూల్లో సోషల్ చెబుతారు. యాక్టివేటెడ్ కార్బన్ (మా బట్టలో ఉండే బొగ్గు) గురించి అడిగితే అశోకుడి శాసనాలు వివరిస్తారు. ఇవ్వమంటావా?

కొత్తగా ఫాలో అవుతున్నవాళ్ళ కోసం చెబుతున్నా. చర్లపల్లిలో మాదొక చిన్న యూనిట్. నాతో కలిపి పదకొండు మందిమి. కొబ్బరి చిప్పల బొగ్గును బట్ట మీద పట్టించడం మా పని. నాది కోనసీమ. చిన్నప్పుడు మా పెరట్లో చిప్పలు గుట్టలుగా పడి ఉండేవి, నీళ్ళ పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరావనుకునేవాళ్ళం. అదే చిప్పను బొగ్గు చేసి, సుమారు 900 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టిస్తే దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి. గ్రాము బొగ్గులో ఆ రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే పావు ఎకరం. మా పెదనాన్నగారూ ఆయన తమ్ముడూ పావు ఎకరం కోసం పదిహేనేళ్ళు అమలాపురం కోర్టు చుట్టూ తిరిగారు. నేను చిటికెడు బొగ్గులో చూపిస్తున్నాను, ఎవరూ నమ్మరు.

విషవాయువు వచ్చి ఆ రంధ్రాల్లో చిక్కుకుంటుంది. గాలి ఆడుతుంది, చెమట ఆవిరి బయటకు పోతుంది. రబ్బరు సూట్ అయితే విషమూ లోపలికి రాదు, వేడీ బయటకు పోదు. పోయిన మే నెలలో మా వర్క్‌షాప్ కుర్రాడికి అలాంటిదొకటి తొడిగి మెట్లెక్కించాం, తేడా చూద్దామని. మూడో అంతస్తుకే కూలబడ్డాడు. బూట్లు విప్పితే చెమట కారింది, కారడమంటే నిజంగా ధార కట్టింది. రాజస్థాన్ ఎడారిలో తుపాకీ పట్టుకున్నవాడి గతేంటో ఏసీ గదిలో టెండర్ షరతులు టైప్ చేసేవారికి ఎవరు చెప్పాలి? టెండర్‌తో పాటు ఒక రబ్బరు సూట్ కూడా ఇచ్చి, ఇది వేసుకుని టైప్ చెయ్యండి అనాలి. రెండు పేజీల్లో ముగించేస్తారు.

అసలు విషం మీద పరీక్ష మా దగ్గర చెయ్యకూడదు, అందులో తప్పేం లేదు. దానికి గ్వాలియర్‌లో రక్షణశాఖ వాళ్ళ ల్యాబ్ డీఆర్‌డీఈ ఉంది. మస్టర్డ్ గ్యాస్ అనే యుద్ధ విషం బదులు మేము మిథైల్ శాలిసిలేట్ వాడతాం. అంటే నొప్పుల బామ్ వాసన కొట్టే ఆ నూనే. అందుకే పదేళ్ళుగా నా చీరలన్నీ మోకాళ్ళ నొప్పుల మందు కంపే. మా అమ్మాయి ఫ్రెండ్స్ వచ్చినప్పుడల్లా మీ ఇంట్లో అమ్మమ్మ ఉందా అని అడుగుతారు.

దేశానికి ఇది అవసరమా అని అడిగే మేధావులకు ఒక్క మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ వదిలారు. నాలుగు రోజులకే మన లాహోర్ డివిజన్‌ను ఆ పొగలోకి పంపారు. మాస్కుల్లేవు. తలపాగా కొసలు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు మనవాళ్ళు. ఆరోజే మీర్ దస్త్ అనే జమాదారు (అప్పటి సైన్యంలో చిన్న ఆఫీసరు) ఎనిమిది మంది ఆఫీసర్లను మోసుకురావడంలో సాయపడి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్నాడు. మెడల్ దొరికింది, మాస్క్ దొరకలేదు. 1918కల్లా అమెరికా వాళ్ళు మాస్కుల్లో బొగ్గు కోసం ఇంటింటికీ తిరిగి పీచ్ పండ్ల టెంకలు, కొబ్బరి చిప్పలు పోగేశారు. చిప్ప విలువ వాళ్ళకు వందేళ్ళ క్రితమే తెలిసింది. మనకింకా చిప్ప చేతికివ్వడమే తెలుసు.

2025 ఫిబ్రవరిలో విషవాయువును పసిగట్టి మోగే అలారాలు 223 కొనడానికి రక్షణశాఖ ఒప్పందం చేసుకుంది, 80.43 కోట్లకు. డీఆర్‌డీఈ డిజైనే, పెద్ద కంపెనీ తయారీ. మంచిదే, నేనేమీ ఏడవట్లేదు. (కొంచెం ఏడుస్తున్నాను.) అలారం మోగాక వేసుకునే బట్ట సంగతి కూడా ఎవరైనా చూస్తే బాగుంటుంది కదా అని.

ఈలోపు మేరీల్యాండ్ నుంచి మా బావగారు వీడియో కాల్. "ఇక్కడైతే 1982లోనే చట్టం తెచ్చారమ్మా, రీసెర్చ్ బడ్జెట్లో ఇంత శాతం చిన్న కంపెనీలకే ఇవ్వాలని. సైనికుల కెమికల్ రక్షణకు అందులో విడిగా టాపిక్స్ ఉంటాయి" అని మొదలు. నిజమే, కాదనను. కానీ ఆ చట్టం గడువు 2025 సెప్టెంబర్ 30న తీరిపోయి అక్కడి చిన్న కంపెనీలూ బిక్కమొహం వేశాయి. అది చెబితే సిగ్నల్ సరిగా లేదన్నారు. ఇక్కడా 2018లో ఐడెక్స్ అని రక్షణశాఖ కొత్త ఆవిష్కరణల పథకం వచ్చింది, మామూలు రకంలో కోటిన్నర దాకా గ్రాంటు ఉంటుంది, అంతకంత మన వాటా పెట్టుకోవాలి. పథకాలకు కొదవ లేదు బావగారూ. గుమస్తా గేటు దాటడమే కష్టం.

అసలు నా మంట ఇవాళ్టి మెయిల్ గురించి కాదు. 2020 ఏప్రిల్ గురించి.

గుర్తుందా ఆ రోజులు? పీపీఈ కిట్లు లేవు. కుట్ల మీద వేసే టేప్ దొరక్క, జలాంతర్గాముల్లో వాడే సీలెంట్‌తో డీఆర్‌డీఓ వాళ్ళే బయోసూట్ చేశారు. అప్పుడు ఒక ఆఫీసు వాళ్ళు రాత్రి పదకొండింటికి జీపులో మా షెడ్డు కొచ్చారు. "అమ్మా, మీరే దిక్కు" అన్నారు. మూడేళ్ళ అనుభవం అడగలేదు. సార్ లేరా అని అసలే అడగలేదు. కర్ఫ్యూ పాసులు వాళ్ళే ఇప్పించారు. పద్దెనిమిది రోజులు షెడ్డులోనే వండుకుని, అక్కడే పడుకుని నాలుగు వేల కవరాల్స్ కుట్టి ఇచ్చాం. మా టైలర్ ఒకామె పసిపిల్లను పక్కన పడుకోబెట్టుకుని కుట్టింది.

చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం. మాకు పందొమ్మిది నెలలకు వచ్చింది. పోనీ, వచ్చింది. సరఫరా చేసినట్టు ఒక సర్టిఫికెట్ ఇమ్మని అడిగితే ఇప్పటికి ఆరు ఉత్తరాలు రాశాను. మొదటాయన బదిలీ అయ్యాడు. రెండో ఆయన ఆ ఫైలు మొదటాయన దగ్గరుందన్నాడు. మూడో ఆయన, "అది ఎమర్జెన్సీ కొనుగోలమ్మా, రికార్డు ప్రకారం మీరు సరఫరాదారు కాదు" అన్నాడు. మరి ఎవరం? చుట్టాలమా? కవరాల్స్ సారె పెట్టామా?

మూడేళ్ళు దాటిపోయినా, ఇవాళ అడిగిన రుజువుకు అదే దగ్గరిది. ఆ ఒక్క కాగితం ఉంటే కనీసం వాదించేదాన్ని.

అభ్యంతరాలుంటే 48 గంటల్లో అప్‌లోడ్ చెయ్యాలట. అల్మారా అంతా తిరగేశాం. మా దగ్గర మూడేళ్ళుగా వరసగా ఉన్నవి ఒకే ఒక పార్టీ బిల్లులు: ఆంబూరులో బూట్లు చేసేవాళ్ళవి. ఇదే కార్బన్ బట్ట, పాదాల కంపు పీల్చడానికి ఇన్‌సోల్స్‌లో పెడతారు. పదిహేను రోజులకల్లా డబ్బు పంపిస్తారు, దీపావళికి స్వీటు డబ్బా కూడా.

'ఇదే రకం వస్తువు' అన్నారుగా. ఆ బిల్లులే స్కాన్ చేయిస్తున్నాను. ప్రతి పేజీ మీదా స్టాంపు వెయ్యమని కుర్రాడికి చెప్పాను. స్టాంపు ప్యాడ్ ఎండిపోయిందట, కొత్తది తేవడానికి వెళ్ళాడు.