సవరణ: పార్టీ ఉందని మధ్యాహ్న భోజనం మానేయకండి

మ్యాచ్ చూడటానికి అందరూ కలిసే రోజు ఎలా తినాలో చెబుతూ, కిందటి పోస్టులో "సాయంత్రం పార్టీ ఉంటే పగలు తేలిగ్గా తినండి" అని రాశాను. కొందరు దాన్ని భోజనం మానేయమన్నట్టు తీసుకున్నారు. ఆ వాక్యాన్ని ఇకపై ఇలా చదవండి: "పగటి భోజనం వేళకే చేయండి. అందులో కూరగాయలు, ప్రొటీన్ ఎక్కువగా, నూనె తక్కువగా ఉండేలా చూసుకోండి."

ఇది చిన్న తేడా కాదు. నకనకలాడే కడుపుతో వెళ్తే ముందు చెయ్యి పోయేది చిప్స్ మీదికే. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. పైగా కళ్లు స్క్రీన్ మీద ఉంటే ఎంత తిన్నామో గుర్తుండదు. అందుకే పెద్ద గిన్నె పక్కన పెట్టుకోకుండా, కావలసింది చిన్న ప్లేటులో వడ్డించుకుని కూర్చోవడమే అన్నిటికన్నా పనికొచ్చే పద్ధతి అని నా అభిప్రాయం.

షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లు భోజనం మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వాళ్లు దయచేసి పూట దాటనివ్వొద్దు.

పానీయాల గురించి కూడా ఒక మాట చేరుస్తున్నాను. 330 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆల్కహాల్‌లో గ్రాముకు 7 కేలరీలు, అంటే కొవ్వులో ఉండే 9కి దగ్గరే. ప్లేటులో తగ్గించి గ్లాసులో పెంచితే లాభం లేదు. మధ్యమధ్యలో మంచినీళ్లో, చక్కెర లేని సోడానో తాగండి.

పోస్టులో మిగతాదంతా అలాగే ఉంటుంది, బాగా ఇష్టమైన వంటకాన్ని మానుకోకుండా తినమన్న మాటతో సహా.