కొత్త ఫిజిక్స్ మాస్టారికి ఒక హెచ్చరిక

హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పడానికి చేరుతున్నారట, అభినందనలు. బోధనా పద్ధతులు, పిల్లల మనస్తత్వం వగైరా ట్రైనింగులో బోలెడు చెప్పే ఉంటారు. అసలు ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నా: ల్యాబ్ బీరువా జోలికి పోవద్దు. తాళంచెవి ఎక్కడుందని కూడా అడగొద్దు, అడిగితే వెతుకుతారు, వెతికితే దొరికినా దొరుకుతుంది.

లఘులోలకమే తీసుకోండి. ఒక దారం, ఒక గుండు, ఒక స్టాప్‌వాచ్, చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో. పొడవు మీటరు పెడితే ఒక్కో డోలనానికి దాదాపు 2 సెకన్లు, 20 డోలనాలకి పట్టిన సమయం కొలిచి సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం 9.8 రావాలి. రాదు. ఏదో ఒక బ్యాచ్‌కి 10.9 దగ్గర తేలుతుంది, ఎందుకంటే గుండు వదలగానే పిల్లలు "సున్నా" అనరు, "ఒకటి" అంటారు. ఇరవై అనేసరికి జరిగింది 19 డోలనాలే, భాగించేది మాత్రం 20తో. ఆ ఒక్క అంకెతో భూమి ఆకర్షణ పది శాతానికి పైగా పెరిగి కూర్చుంటుంది!

ఆ తప్పెక్కడుందో పిల్లలే వెతకడం మొదలెట్టారా, ఇక పీరియడ్ పోయినట్టే, పోర్షన్ ఆగిపోతుంది, పైగా వాళ్ళకి విషయం అర్థమైపోతుంది. అందుకే మనవాళ్ళు ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు: ముందు 9.8 రాసుకుని, వెనక్కి లెక్కగట్టి రీడింగులు నింపడం. రికార్డు ముత్యంలా ఉంటుంది. క్లాసంతటికీ దశాంశాలతో సహా ఒకటే విలువ, ఇంత ఏకాభిప్రాయం ఇంకే విషయంలోనైనా చూశారా?

ఓమ్ నియమం (వోల్టేజీ ఎంత పెంచితే కరెంటూ అదే నిష్పత్తిలో పెరుగుతుందనేది) దగ్గర ఇంకా జాగ్రత్త. నిరోధకం కనపడలేదని టార్చిబల్బు పెట్టారో, గ్రాఫు సరళరేఖ రాదు, వంగుతుంది. ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది మరి. "అయితే ఓమ్ తప్పు చెప్పాడా సార్?" అని చివరి బెంచీ అడుగుతుంది. ఏడాదంతా ప్రశాంతంగా నిద్రపోతున్న బెంచీని లేపిన పాపం మీది.

1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తిని, ఈకను ఒకేసారి వదిలితే రెండూ ఒక్కసారే పడ్డాయి, ప్రయోగం అనుకున్నట్టే వచ్చింది కదా అంటారేమో. నిజమే, కానీ అక్కడ గాలి లేదు, ఇన్‌స్పెక్షనూ లేదు.

ఇంత చెప్పినా బీరువా తెరిచేవాళ్ళు ఉంటారు. వాళ్ళ క్లాసులో బెల్లు కొట్టినా పిల్లలు కదలరు, పక్క క్లాసుకి గోల. అలాంటి మాస్టార్లను తొందరగా గుర్తుపట్టి, టైమ్‌టేబుల్ వేసే పని, హాజరు పట్టీలు, వీలైతే స్కూలు వార్షికోత్సవం కూడా వాళ్ళకే అప్పగించాలని పెద్దలకు నా మనవి.