బాంబు గారి ఘనత

1998 మేలో భారత్, పాకిస్తాన్ రోజుల తేడాతో అణు పరీక్షలు జరిపినప్పుడు, ఇక ఈ ఇద్దరి మధ్య యుద్ధమన్న మాటే ఉండదని వ్యూహ పండితులు సెలవిచ్చారు. మరుసటి ఏడాదే కార్గిల్ వచ్చింది. పండితులేమీ తొణకలేదు. ‘చూశారా, అణుయుద్ధం దాకా పోలేదు!’ అన్నారు. యుద్ధం రాకపోతే బాంబు గొప్ప, వచ్చి ముదరకపోతే అదీ బాంబు గొప్పే. ఈ సిద్ధాంతం తప్పని తేలాలంటే అందరం పోవాలి. పోయాక టీవీ చర్చకు ఎవరొస్తారు?

సైనిక మేధస్సు అక్కడితో ఆగుతుందా? అణుబాంబుకు కాస్త కింద ‘పరిమిత యుద్ధానికి’ చోటుందని మనవాళ్లు కనిపెట్టారు. గబగబా సరిహద్దు దాటి, కొంత నేల పట్టుకుని, అవతలివాడికి బాంబు గుర్తొచ్చేలోపే ఆగిపోవాలి. దాని పేరు కోల్డ్ స్టార్ట్. ఆ చోటు ఖాళీగా ఉంచడం ఇష్టంలేక పాకిస్తాన్ 2011లో 60 కిలోమీటర్లు వెళ్లే నస్ర్ క్షిపణిని పరీక్షించింది. చొచ్చుకొచ్చిన సేన మీద చిన్న అణుబాంబు వేస్తుందన్నమాట, అదీ బహుశా సొంత పొలాల్లోనే. మన 2003 విధానం ఇంకా ముచ్చటైనది: ముందు మేం వేయం, మా సైన్యం మీద ఎక్కడ వేసినా భారీగా వడ్డిస్తాం. చిన్నదీ పెద్దదీ అన్న తేడా చూడ్డం మనకు అలవాటు లేదు.

ఇంతకీ ఎక్కడ ఆగాలి? పాక్ అణ్వస్త్ర వ్యవహారాలు చూసిన జనరల్ ఖాలిద్ కిద్వాయ్ 2002 ప్రాంతంలో ఇటలీ శాస్త్రవేత్తలకు నాలుగు సందర్భాలు చెప్పారు. తమ భూభాగంలో పెద్ద భాగం పోయినా, సైన్యంలో పెద్ద భాగం నాశనమైనా, ఆర్థికంగా గొంతు నులిమినా, లోపల అల్లకల్లోలం రేపినా బాంబు బయటికి రావచ్చట. పెద్ద భాగమంటే ఎంతో మాత్రం చెప్పలేదు. చెబితే అవతలివాడు సరిగ్గా దానికి గజం ఇవతల ఆగిపోడూ? కాబట్టి లక్ష్మణరేఖ ఉంటుంది గానీ కనపడదు, దాటాక తెలుస్తుంది.

ఈ నాలుగు సందర్భాల్లో ‘పొరపాటున’ అన్న సందర్భం లేదు. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి తనంతట తానే బయల్దేరి పాక్ పంజాబ్‌లో మియా చన్నూ దగ్గర పడింది. అదృష్టం, దాని ముక్కున పేలే సరుకు, అంటే వార్‌హెడ్, లేదు. రెండు రోజులకు మన రక్షణ శాఖ, మెయింటెనెన్స్ చేస్తుంటే సాంకేతిక లోపంతో పొరపాటున దూసుకెళ్లిందని చెప్పి విచారం వెలిబుచ్చింది. ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఇంటికి పంపారు. సిద్ధాంతం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.