పది శాతం వనవిహారం

హైదరాబాదులో పచ్చదనం తగ్గిపోతోందని బెంగపడేవాళ్లు ఎన్నడూ అపార్ట్‌మెంటు ప్లాను చూసి ఉండరు. నేను చూశాను. మా పక్కనున్న రెండెకరాల్లో టవర్లు లేస్తాయని విని, నాలుగేళ్ల కిందట ఆ ప్లాను నకలు సంపాదించి భోజనాల బల్ల మీద పరిచాను. ఏమి అరణ్యం! ప్రతి మూలా ఒక గుండ్రటి చెట్టు, దాని పక్కన ఇంకో గుండ్రటి చెట్టు. ఆకు రాలదు, వేరు పాకదు, కాకి వాలదు. నడుమ ‘టాట్‌లాట్’ అని రాసిన పచ్చటి ముక్క. పసిపిల్లలు ఆడుకునే చోటుకు ఇంజనీర్లు పెట్టుకున్న పేరు. మా ఆవిడ కళ్లజోడు లేకుండా దాన్ని ‘టాటా లాట్’ అని చదివింది. ఆమె చదివిందే నిజమైంది.

నిబంధనలకు ఏ లోటూ లేదు. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం బహుళ అంతస్తుల భవనం కట్టేవాళ్లు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాకులు కాక, స్థలంలో మరో పది శాతం పచ్చదనానికో పిల్లల ఆటలకో విడిచిపెట్టాలి. దాని మీద కప్పు ఉండకూడదు. వెడల్పు కనీసం మూడు మీటర్లు. ఒక్కచోటే ఉండాలని లేదు, ముక్కలైనా ఫరవాలేదు. ఈ చివరి రెండు ముక్కలూ రాసిన మహానుభావుడి పేర బిల్డర్లు ఏటా అన్నదానం చేయాలి.

లెక్క కట్టి చూశాను. రెండెకరాల్లో పది శాతమంటే సుమారు 800 చదరపు మీటర్లు. మూడు మీటర్ల వెడల్పున సాగదీస్తే 260 మీటర్ల పైచిలుకు పొడవు. పిల్లలు క్రికెట్ ఆడాలంటే పిచ్ వెడల్పే 3.05 మీటర్లు, అంటే అయిదు సెంటీమీటర్లు తక్కువ. అయినా బౌలరు, బ్యాట్స్‌మన్ ఎలాగో సర్దుకుంటారు. ఫీల్డర్లు ప్రహరీ గోడ ఎక్కాలి.

మరి ప్లానును ఎవరూ పరిశీలించరా అంటే, ఎందుకు పరిశీలించరు? కంప్యూటర్ పరిశీలిస్తుంది. గీసిన గళ్ల వైశాల్యం కొలిచి పది శాతం వచ్చిందో లేదో చెబుతుంది. గడిలో ఊయల వస్తుందో ట్రాన్స్‌ఫార్మర్ వస్తుందో దానికి అక్కరలేదు. ఆపైన భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ఉంది. 21 రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే. మా చిన్నప్పుడు పంతులుగారు పేపరు దిద్దడం మరిచిపోతే పాసైనట్టే అని ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా లెక్కల చరిత్ర వేరుగా ఉండేది.

పక్కింటివాళ్లను అడగటమా? 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడానికి పర్యావరణ అనుమతి కావాలి. కానీ 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఇళ్ల నిర్మాణానికి ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదని తేల్చేసింది. నా అభిప్రాయం ఇరవై ఏళ్లుగా మినహాయింపులో ఉంది.

ఇక పోయిన నెల. ఓసీ, అంటే కాపురముండొచ్చనే పత్రం, చేతికి వచ్చేదాకా నిర్మాణంలో పది శాతం దాకా మున్సిపాలిటీ దగ్గర తనఖాలో ఉంటుంది. ఆ పది విడిపించుకోవాలంటే పచ్చదనం తాలూకు ఈ పది చూపించాలి. తెల్లవారి ఆరున్నరకు టెంపో వచ్చింది. ప్లాస్టిక్ గడ్డి చుట్టలు నాలుగు దించి, సంపు మూత మీదుగా, సెప్టిక్ ట్యాంకు మూతల మీదుగా పరిచారు. కుండీల్లో పామ్ మొక్కలు వచ్చాయి. అవి రాత్రి ఏదో ఫంక్షన్ హాల్లో పెళ్లి చూసి వచ్చినట్టున్నాయి, ఒక కుండీకి ‘శుభ వివాహం’ రిబ్బను ఇంకా వేలాడుతోంది. జనరేటరుకు కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు, దాన్నీ మొక్కల్లో కలిపారేమో. చివరగా ఒక రేకు జారుడు బల్ల.

అధికారులు వచ్చేసరికి పన్నెండయింది. టేపు పెట్టారు, మూడు మీటర్లూ ఉన్నాయి. ఫోటో తీయబోతే ఏదో వెలితి. ఆటస్థలంలో ఆడేవాళ్లు లేరు. సూపర్‌వైజరు వాచ్‌మన్ కూతుర్ని పిలిచాడు. ఆరేళ్లుంటాయి.

“పాపా, జారు.”

జారింది. చెయ్యి కదిలిందట, మళ్లీ జారింది. వెనక జనరేటరు పడిందట, ఇంకోసారి. ఎండకు కాగిన రేకు మీద గౌను కిందకు లాక్కుంటూ ఆ పిల్ల నాలుగోసారి ఎక్కుతుంటే సూపర్‌వైజరు అరిచాడు. “నవ్వుతూ జారమ్మా!”

సాయంత్రం అయిదుకు టెంపో తిరిగొచ్చి వనాన్ని చుట్ట చుట్టుకుపోయింది. ఇప్పుడక్కడ పసుపు గీతలు, మూడు కార్లు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. 2023 మే నెలలో హయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో మూడేళ్ల పాప కారు కింద నలిగి చనిపోయింది. తల్లి ఆ పక్కనే కడుతున్న భవనంలో కూలి. ఎండకు తాళలేక బిడ్డను తెచ్చి అక్కడ పడుకోబెట్టింది. ఊరంతా ఇన్ని వేల గుండ్రటి చెట్లు గీసి, సంతకాలు పెట్టి, స్టాంపులు గుద్దారే! పసిబిడ్డను పడుకోబెట్టడానికి వాటిలో ఒక్కదానికి నీడ లేకపోయిందా? కాగితం మీద చెట్టు గీసిన చేతికి, దాన్ని చెట్టేనని ఒప్పుకున్న చేతికి సిగ్గుండొద్దా?

మొన్న వాచ్‌మన్ కూతురు మా గేటు పట్టుకుని అడిగింది. “తాతా, జారుడు బల్ల మళ్లీ ఎప్పుడొస్తుంది?”

రాదని చెప్పడానికి నోరు రాలేదు. ఈ పొద్దున అదే టెంపో, అదే బల్ల, అవే కుండీలతో మా గేటు ముందు నుంచే వెళ్లింది. రెండు వీధుల అవతల ఇంకో టవరు పూర్తయిందట.