కోనసీమంత దేశం, భారతదేశమంత సముద్రం: సైన్యం లేని మారిషస్ కాపలా ఎలా కాస్తోంది?

2022లో ఏర్పడినప్పుడు అంబేద్కర్ కోనసీమ జిల్లా విస్తీర్ణం 2,083 చదరపు కిలోమీటర్లు. మారిషస్ దేశం మొత్తం, రోడ్రిగ్స్‌తో సహా చిన్నాచితకా దీవులన్నీ కలుపుకున్నా, 2,040. జనాభాలోనూ మన జిల్లాదే పైచేయి. 2011 లెక్కల్లోనే కోనసీమ 17 లక్షలు దాటింది, మారిషస్ ఇప్పటికీ పన్నెండున్నర లక్షల దగ్గరే ఉంది. కానీ ఆ దేశం తనదని చెప్పుకునే సముద్రం సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. గుజరాత్ నుంచి బెంగాల్ దాకా, అండమాన్‌ను కూడా కలుపుకుని మన దేశానికి ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే చేపలు, ఖనిజాలపై హక్కున్న సముద్రం, ఇంచుమించు అంతే. ఇంత నీటికి కాపలా కాయాల్సిన ఆ దేశానికి సైన్యం లేదు, నౌకాదళం లేదు, వైమానిక దళం లేదు. పోలీసు శాఖ ఒక్కటే ఉంది.

చెరకు తోటల్లో కూలి పనికి 1830ల నుంచి కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడలెక్కినవారి వారసులు ఆ దేశంలో ఉన్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఈ బంధుత్వం ఎలా ఉన్నా, ఏటా తుపానునో వరదనో చూసే డెల్టా వాళ్లకు మారిషస్ ఏర్పాటులో పనికొచ్చే సంగతులు రెండు మూడు ఉన్నాయి. మెచ్చుకోదగినవి కొన్ని, మనకు వద్దనుకోవాల్సినవి కొన్ని.

ముందు నిర్మాణం. రాజ్యాంగం ప్రకారం పోలీసు కమిషనర్ ఒక్కరే మొత్తం బలగానికి అధిపతి. ఠాణాలో కానిస్టేబుల్ నుంచి గస్తీ ఓడ కెప్టెన్ దాకా అందరూ ఆయన కిందే. ఆ గొడుగు కింద మనం సైన్యం అనుకోదగిన విభాగాలు మూడు. మొదటిది స్పెషల్ మొబైల్ ఫోర్స్. 1960లో బ్రిటిష్ దండు దీవి వదిలి వెళ్లినప్పుడు ఆ ఖాళీ పూరించడానికి పెట్టారు. వకోవాలో దాని ప్రధాన స్థావరం, బలం సుమారు 1,700. రెండోది నేషనల్ కోస్ట్ గార్డ్, 1987లో ఏర్పడింది, సుమారు 800 మంది. సముద్రంపై నిఘాకు వాడే డోర్నియర్ విమానాలు కూడా దీని చేతిలోనే ఉన్నాయి. మూడోది చిన్నపాటి హెలికాప్టర్ స్క్వాడ్రన్. రక్షణ, హోం శాఖలు సాధారణంగా ప్రధాని దగ్గరే ఉంటాయి కాబట్టి పైన మంత్రిత్వ శాఖల మధ్య లాగులాట కూడా తక్కువ.

స్పెషల్ మొబైల్ ఫోర్స్‌లో ఉన్నవాళ్లంతా పోలీసులే. ముందు పోలీసు శిక్షణ, తర్వాత ఈ దళంలో కొన్నేళ్లు పదాతిదళం పద్ధతిలో తర్ఫీదు, ఆ తర్వాత మళ్లీ మామూలు ఠాణాలకు. ఏళ్లు గడిచేకొద్దీ ఊళ్లలో పనిచేసే పోలీసుల్లో తాళ్లతో కొండ దిగడం, గాయపడినవాళ్లను మోయడం, వైర్‌లెస్ నడపడం తెలిసినవాళ్ల సంఖ్య పెరుగుతూ పోతుంది. ప్రత్యేకంగా రిజర్వు దళమంటూ జీతాలిచ్చి పోషించే పని లేకుండానే రిజర్వు తయారైపోతుంది. చిన్న దేశానికి ఇంతకంటే పొదుపైన పద్ధతి దొరకడం కష్టం.

దీనికో చీకటి కోణమూ ఉంది. తుపానులో చెట్లు నరికే చేతులే గొడవల్లో లాఠీ పడతాయి. 1999 ఫిబ్రవరిలో ఒక ప్రముఖ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. అల్లర్లు రేగాయి. కోపం పోలీసుల మీద. అదుపు చేయడానికి వెళ్లినవాళ్లూ అదే శాఖ వాళ్లు. పోలీసులకూ సైన్యానికీ మధ్య గీత చెరిపేసినప్పుడు మధ్యవర్తిగా నిలబడే మూడో పక్షం మిగలదు. మారిషస్ నమూనాను పొగిడే వ్యాసాలు ఈ సంగతి చాలావరకు దాటవేస్తాయి.

అయినా ఆ దేశం సైన్యం పెట్టుకోకపోవడానికి కారణం చుట్టుపక్కల చూస్తే తెలుస్తుంది. సీషెల్స్ 1976లో స్వతంత్రమైంది, మరుసటి ఏడాదే అధికారం ఆయుధాలతో చేతులు మారింది. 1981 నవంబరులో కిరాయి సైనికులు పర్యాటకుల వేషంలో విమానంలో దిగి, సామానులో తుపాకీ బయటపడేసరికి విమానాశ్రయంలోనే కాల్పులకు దిగారు. 1982లో సొంత సైన్యమే తిరగబడితే టాంజానియా బలగాల సాయంతో అణచాల్సి వచ్చింది. ఫిజీలో 1987లోనూ 2006లోనూ ప్రభుత్వాన్ని కూలదోసింది సైన్యమే. మాల్దీవుల కథ మరీ దగ్గరిది. 1988 నవంబరు 3న కిరాయి మూక మాలేపై పడితే ఆ రాత్రికే ఆగ్రా నుంచి మన పారా దళం అక్కడ దిగింది. బందీలతో ఓడలో పారిపోతున్న ముఠాను సముద్రంలో అడ్డగించిన యుద్ధనౌకల్లో ఒకటి మన నది పేరే పెట్టుకున్న ఐఎన్‌ఎస్ గోదావరి. 2015 డిసెంబరులో అది సేవలోంచి తప్పుకుంది. మాల్దీవులు తర్వాత పోలీసులనూ రక్షణ దళాన్నీ విడదీశాయి. అయినా 2012లో పోలీసుల తిరుగుబాటు తర్వాత అధ్యక్షుడు రాజీనామా చేశారు. కలిపి ఉంచినా విడదీసినా పూర్తి భరోసా లేదు. కాకపోతే లక్షల్లో జనాభా ఉన్న దేశంలో కొన్ని వందల తుపాకులు ఒక్క బ్యారక్‌లో ఉండి, వాటికి వేరే పని లేకపోతే ముప్పు ఎక్కువ. మారిషస్ ఆ తుపాకులకు ఏడాది పొడుగునా పని పెట్టింది.

ఆ పనుల్లో పెద్దది తుపాను. డెల్టాలో మనకు హెచ్చరిక అంటే అంకె. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రేవులో అయితే ఎగరేసే సిగ్నల్ నంబరు. మారిషస్‌లో తుపాను హెచ్చరిక నాలుగు తరగతులు. విసురుగాలుల వేగం గంటకు 120 కిలోమీటర్లకు చేరొచ్చనుకున్న సమయానికి 36 నుంచి 48 గంటల ముందు మొదటి తరగతి. ఆ గాలి రాకముందు జనం చేతిలో కనీసం 12 గంటల పగటి వెలుతురు మిగిలేలా చూసి రెండోది. కనీసం 6 గంటల పగలు మిగిలేలా మూడోది. నిజంగానే ఆ వేగం నమోదైతే నాలుగోది. లెక్క గడియారం గంటల్లో లేదు, పగటి గంటల్లో ఉంది. కిటికీలకు చెక్కలు కొట్టాలన్నా, రేకులు బిగించాలన్నా, ముసలివాళ్లను పునరావాస కేంద్రానికి చేర్చాలన్నా వెలుతురుండాలి. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను తీరం దాటింది రాత్రిపూట. ఆ రాత్రి సంగతి తెలిసినవాళ్లకు ఈ లెక్క విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మూడో తరగతి ప్రకటించగానే బస్సులు ఆగుతాయి, దుకాణాలు మూతపడతాయి, రోడ్డు మీద జనం ఉండరు. హెచ్చరిక ఎత్తేశాక స్పెషల్ మొబైల్ ఫోర్స్ జట్లు రంపాలతో బయలుదేరి దారికడ్డంగా పడ్డ చెట్లు తొలగిస్తాయి. అలాంటి చోట పాటించాల్సిన వరస ఒకటుంది. ఆసుపత్రికి వెళ్లే దారి ముందు, తర్వాత కరెంటు సిబ్బంది వెళ్లాల్సిన దారి, ఊళ్లోని సందులు చివర. ఈ వరస తప్పితే కరెంటు వాళ్లు చెట్టు దగ్గర, చెట్టు నరికేవాళ్లు తెగిన తీగ దగ్గర ఒకరి కోసం ఒకరు చూస్తూ నిలబడిపోతారు. ఒకే అధికారి కింద ఉంటే ఈ తంటా తగ్గుతుంది. మన దగ్గర రెవెన్యూ, పోలీసు, అగ్నిమాపక శాఖ, విద్యుత్ సంస్థ, ఎన్‌డీఆర్‌ఎఫ్, ఎస్‌డీఆర్‌ఎఫ్ ఎవరి ఫోను వాళ్లదే. కలెక్టర్ గట్టివాడైతే అన్నీ కలుస్తాయి, లేకపోతే లేదు.

అయితే ఈ పద్ధతికీ 2024 జనవరి 15న దెబ్బ తగిలింది. బెలాల్ తుపాను దగ్గరికొస్తుండగా జనం మామూలుగానే ఆఫీసులకు వెళ్లారు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో కుంభవృష్టి కురిసి రోడ్లు వాగులయ్యాయి, కార్లు కొట్టుకుపోయాయి. మూడో తరగతి ప్రకటన వచ్చేసరికి ఆలస్యమైంది. వాతావరణ శాఖ అధిపతి పదవి వదులుకోవాల్సి వచ్చింది. తరగతుల లెక్క మొత్తం గాలి మీద ఆధారపడింది, ఆ రోజు కొట్టిందేమో నీరు. 2013 మార్చి 30న అదే నగరంలో మెరుపు వరదకు 11 మంది చనిపోయాక కూడా ఈ లోపం పూర్తిగా పూడలేదు.

ఇక సముద్రం. కోస్ట్ గార్డ్ ఓడల్లో పెద్దది బారకుడా. కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్ షిప్‌యార్డులో కట్టారు. విదేశానికి అమ్ముడైన తొలి భారతీయ యుద్ధనౌక అదే. 2015 మార్చి 12న సేవలో చేరింది. పొడవు 74 మీటర్లు, గరిష్ఠ వేగం 22 నాట్లు (గంటకు సుమారు 41 కిలోమీటర్లు), సిబ్బంది 83 మంది. గోవా షిప్‌యార్డు కట్టిన విక్టరీ, వేలియంట్ అనే వేగ గస్తీ నౌకలు తర్వాత చేరాయి. కాగితం మీద బాగానే ఉంటుంది. ఇప్పుడు దూరం లెక్క చూడండి. మారిషస్‌కే చెందిన అగలేగా దీవులు ప్రధాన దీవికి ఉత్తరాన సుమారు 1,100 కిలోమీటర్ల దూరం. ఇంధనం ఆదా చేస్తూ 15 నాట్ల వేగంతో వెళితే గంటకు 28 కిలోమీటర్లు, అంటే ఒకవైపే దాదాపు 40 గంటలు. దొంగ చేపల పడవ సమాచారం అందాక బయలుదేరితే దొరికేది ఖాళీ నీళ్లే.

నౌకాదళాల్లో అందరూ ఒప్పుకునే లెక్క ఇంకోటుంది. ఎప్పుడూ ఒక ఓడ గస్తీలో ఉండాలంటే మూడు ఓడలు కావాలి. ఒకటి సముద్రంలో, ఒకటి మరమ్మతులో, ఒకటి ప్రయాణంలోనో శిక్షణలోనో. ఒక్కటే పెద్ద ఓడ ఉంటే ఏడాదిలో అది నిజంగా కాపలా కాసే రోజులు మూడో వంతుకు పడిపోతాయి. బారకుడాకు ముందు 1996లో వచ్చిన చిలీ నిర్మిత విజిలెంట్ ఆశించినంతగా సముద్రంలో తిరగనే లేదు. ఓడ ధర ఒకసారి కట్టేది. విడిభాగాలు, ఇంజినుకు గడువు ప్రకారం చేయాల్సిన ఓవర్‌హాల్, ఓడను నీటిలోంచి తీసి బాగుచేసే డ్రైడాక్, డీజిలు, రెండో జట్టు సిబ్బంది, ఇవన్నీ ఏటేటా మోయాల్సినవి. మన తీర పోలీసుల గస్తీ బోట్ల విషయంలోనూ కొన్ని రాష్ట్రాల్లో కాగ్ ఎత్తిచూపింది ఇదే జబ్బు. బోటు వచ్చింది, నడిపేవాడు లేడు. ఉన్నా డీజిలు లేదు.

చూడగలగడం వేరు, ఆపగలగడం వేరని 2020 జూలై 25న రుజువైంది. సరుకేమీ లేకుండా బ్రెజిల్ వెళుతున్న వాకాషియో అనే 300 మీటర్ల ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బ ఎక్కేసింది. ఫోన్ సిగ్నల్ కోసం ఒడ్డుకు దగ్గరగా నడిపారని దర్యాప్తులో తేలింది. కోస్ట్ గార్డ్ రేడియోలో పిలిచినా జవాబు రాలేదు. పిలిచినా పలకని ఓడ దగ్గరికి వెంటనే వెళ్లి అడ్డంగా నిలవగల నౌక ఆ సమయానికి ఆ చోట లేదు. దిబ్బ ఎక్కిన 12 రోజులకు, ఆగస్టు 6న, నూనె కారడం మొదలైంది. ఓడలో దాదాపు 4,000 టన్నుల ఇంధనం ఉండగా సుమారు 1,000 టన్నులు నీళ్లలో కలిసింది. ఆ 12 రోజుల్లో తోడేసి ఉంటే అన్న ప్రశ్నకు అక్కడ ఇప్పటికీ సరైన జవాబు లేదు. జనమే దిగారు. చెరకు ఆకును గుడ్డ గొట్టాల్లో కుక్కి, తేలడానికి ప్లాస్టిక్ సీసాలు కట్టి, నూనెను ఆపడానికి నీటిమీద తేలే కంచెలు కిలోమీటర్ల కొద్దీ కుట్టారు. మన దేశం 30 టన్నుల సామగ్రితో పాటు పదిమంది కోస్ట్ గార్డ్ నిపుణులను పంపింది.

ఇది చదివి గౌతమి ముఖద్వారం గురించి ఆలోచించాలి. కోరంగి మడ అడవులు, హోప్ ఐలాండ్, కాకినాడ రేవుకు వచ్చే పోయే ఓడలు, కేజీ బేసిన్ చమురు, గ్యాస్ వేదికలు అన్నీ ఒకే చోట ఉన్నాయి. తేలే కంచె నీటి ప్రవాహానికి అడ్డంగా కడితే ప్రవాహం 0.7 నాట్లు, అంటే గంటకు 1.3 కిలోమీటర్లు దాటగానే నూనె కంచె అడుగునుంచి జారిపోతుంది. పోటు, ఆటు జోరుగా ఉన్నప్పుడు గోదావరి పాయల్లో అంతకంటే వేగం మామూలే. అందుకని కంచెను ఏటవాలుగా వేసి, నూనెను నీరు నెమ్మదిగా ఉండే ఒడ్డువైపు మళ్లించి అక్కడ తోడాలి. ఏ పాయలో ఏ కోణంలో, ఏ గుంజకు కట్టాలో ముందే తేల్చి, గుంజలు పాతి ఉంచాలి. ఓడ దిబ్బ ఎక్కాక చేసే పని కాదిది. మడ అడవి వేళ్లలోకి నూనె చేరితే కడగడానికి మనుషులు దిగడమే ఇంకో నష్టం. తొక్కిడికి మొలకలు పోతాయి. ఈ పని ఎవరిదంటే రేవు వాళ్లు, అటవీ శాఖ, కోస్ట్ గార్డ్, మెరైన్ పోలీసు ఒకరి వైపు ఒకరు చూసే పరిస్థితి రాకూడదు. మారిషస్ నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఓడల జాబితా కంటే ముందు ఆ ఒక్క అధికారి పద్ధతి.

మారిషస్ తన లోటును ఎక్కువగా మన దేశంతో పూడ్చుకుంటోంది. కోస్ట్ గార్డ్‌కు భారత నౌకాదళ అధికారి నాయకత్వం వహించడం చాలాకాలంగా ఆనవాయితీ. డోర్నియర్లు, ధ్రువ్ హెలికాప్టర్, తీర రాడార్లు అన్నీ ఇక్కడివే. 2024 ఫిబ్రవరి 29న అగలేగాలో సుమారు మూడు కిలోమీటర్ల రన్‌వే, జెట్టీ ప్రారంభమయ్యాయి. అంతకుముందు అక్కడ పొట్టి రన్‌వే మీద డోర్నియర్ లాంటి చిన్న విమానాలే దిగేవి. మూడొందల మంది ఉండే దీవికి అంత రన్‌వే ఎందుకని అక్కడి ప్రతిపక్షం అడిగింది. సబబైన ప్రశ్నే. సముద్ర నిఘా అవసరం రెండు దేశాలకూ ఉంది, కానీ తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో ఒప్పందంలో బహిరంగంగా రాసుకోవడం మనకే మంచిది. మాల్దీవుల్లో మన సైనిక సిబ్బంది 2024 మేలో వెనక్కి రావాల్సి వచ్చిన తీరు చూశాం.

బ్రిటన్ చేతిలో ఉన్న చాగోస్ దీవులను మారిషస్‌కు అప్పగించేలా 2025 మే 22న రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకం చేశాయి. వాటిలో అమెరికా, బ్రిటన్ సైనిక స్థావరం ఉన్న డీగో గార్సియా మాత్రం 99 ఏళ్ల లీజు కింద బ్రిటన్ దగ్గరే ఉండాలని రాసుకున్నారు. అక్కడికి పోర్ట్ లూయిస్ నుంచి 2,000 కిలోమీటర్ల పైమాటే, బారకుడా మామూలు వేగంతో మూడు రోజుల ప్రయాణం. అంత దూరంలో గస్తీ తిరగాలంటే మూడు ఓడల లెక్క ప్రకారం ఇంకో రెండు బారకుడాలు కావాలి, సెలవులూ శిక్షణా పోను ఒక్కోదానికి రెండు జట్లు, అంటే మూడు ఓడలకు కలిపి ఐదొందల మంది సముద్రానికి పనికొచ్చే మనుషులు కావాలి. కోస్ట్ గార్డ్ మొత్తం బలమే 800. ఓడల్ని మన షిప్‌యార్డులు రెండు మూడేళ్లలో కట్టివ్వగలవు. ఒక ఇంజిన్ రూమ్ చీఫ్ తయారవడానికి పదేళ్లు పడుతుంది.