చట్టంలో మాట మారితే సర్టిఫికెట్ ఏమవుతుంది?

తిరుమల దర్శనం ప్రకటనల్లో దివ్యాంగులు, ప్రభుత్వ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులు, తిరుపతిలో ఎక్కే ఆర్టీసీ బస్సు సీటు పైన వికలాంగులు. ఏది మర్యాదైన మాటన్న వాదన ఇప్పట్లో తెగేది కాదు. అర్హత తేల్చేది మాత్రం సర్టిఫికెట్‌లో రాసిన వైకల్యం రకం, శాతం. చట్టాల్లో మిగిలిన ఇలాంటి పాత పదాలు తీసి కొత్తవి పెట్టాలంటే సవరణ చేయాలి. తేడా కొట్టేదీ అక్కడే.

బుద్ధిమాంద్యం అనే మాటనే తీసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాని బదులు మేధో వైకల్యం తెచ్చింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం పూర్తి పేరులో మాత్రం పాత మాటే ఉంది. ఆ చట్టం వర్తించేది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. చిత్తూరులో ఒక తల్లి 18 ఏళ్లు నిండిన కొడుక్కి గార్డియన్‌షిప్ కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి వెళ్లిందనుకుందాం. సదరం సర్టిఫికెట్‌లో, అంటే ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, మేధో వైకల్యానికి బదులు మానసిక రుగ్మత అని పడి ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఈ రెండూ వేరని 2016 చట్టమే చెప్పింది. విడ్డూరం ఏమిటంటే, అలా చెప్పే నిర్వచనంలోనే బుద్ధిమాంద్యానికి పాత ఇంగ్లిష్ మాట ‘రిటార్డేషన్’ను మళ్లీ వాడింది!

మతిస్థిమితం లేకపోవడం అన్న మాటతో వ్యవహారం ఇంకా చిక్కు. నేరం చేసినవాడికి శిక్ష నుంచి మినహాయింపు ఇచ్చే మాట అది. ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహిత తొలి బిల్లులో, 2023లో, దాన్ని తీసి మానసిక రుగ్మత అని పెట్టారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా ఆ రుగ్మత కిందికే వస్తాయి. అంటే తాగి నేరం చేసినవాడికీ మినహాయింపు అడిగే సందు దొరుకుతుంది. చివరికి పాత మాటే తిరిగొచ్చింది. ఇలాంటిచోట పేరు మార్చే ముందు, మినహాయింపు తేల్చే కొలమానాన్ని చట్టంలో రాయాలి: ఆ సమయంలో తాను చేస్తున్నదేమిటో ఆ మనిషికి అర్థమయిందా లేదా అని.

రాజ్యాంగం 11వ షెడ్యూలు 26వ అంశంలో, 12వ షెడ్యూలు 9వ అంశంలో కూడా పాత పదాలున్నాయి. అక్కడ మాట మారిస్తే చాలు, కానీ అందుకు రాజ్యాంగ సవరణ కావాలి.

అమెరికా 2010లో తన ఫెడరల్ చట్టాల్లో బుద్ధిమాంద్యం అన్న పదాన్నే మార్చినప్పుడు, దీనివల్ల అర్హత, పరిధి మారవని అందులోనే రాసుకుంది. మన దగ్గర మాట మార్చే సవరణ తెస్తే అందులోనూ పాత సర్టిఫికెట్లు, గార్డియన్‌షిప్ ఉత్తర్వులు చెల్లుతాయన్న క్లాజు ఉండి తీరాలి. లేదంటే కౌంటర్‌లో ‘కొత్తది తెచ్చుకోండి’ అంటారు. మళ్లీ సదరం స్లాటు, మళ్లీ ఆసుపత్రిలో పడిగాపులు. సచివాలయం కంప్యూటర్‌లోనూ పాత పేరు, కొత్త పేరు ఒకే కోడ్ కిందికి రావాలి, అదీ సవరణ అమల్లోకి వచ్చే రోజుకే.