షెర్రీ కలిపితే కల్తీ, షెర్రీ పీపాలో నానితే కళా?

షెర్రీ అంటే స్పెయిన్ వైన్. ఆ షెర్రీ పీపాలో పన్నెండేళ్లు ఉన్న స్కాచ్ గురించి గంటసేపు మాట్లాడతాం. అదే షెర్రీని నేరుగా ఒక్క శాతం కలిపిన కెనడా రై విస్కీ కనబడగానే "అది కల్తీ సరుకు బావా" అని సీసా పక్కకు జరిపేస్తాం. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి, ఒకే రాత్రి వినీ వినీ ఓపిక నశించి ఈ పోస్ట్ రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. మందు సంగతులు పడనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను.

నేనుండేది కాల్గరీలో. 1946లో మొదలైన ఆల్బెర్టా డిస్టిలర్స్ ఉన్నది ఈ ఊళ్లోనే. రై ధాన్యంతో విస్కీ చేయడంలో వాళ్లకున్న అనుభవం ప్రపంచంలో చాలా తక్కువమందికి ఉంది. రై మొండి గింజ. ఇక్కడి రైతులు శరదృతువులో విత్తితే మొలక మంచు కింద చలికాలమంతా బతికి, ఎండ రాగానే మళ్లీ లేస్తుంది. కానీ దాన్ని ఉడకబెట్టడం నరకం. పిండి జిగురులా సాగుతుంది, పులిసేటప్పుడు నురగ పొంగి గోల చేస్తుంది. అందుకే చాలా కంపెనీలు రైలో మొక్కజొన్నో బార్లీయో కలిపి నెట్టుకొస్తాయి. ఆల్బెర్టా వాళ్లు ఆ జిగురును విరిచే ఎంజైమును సొంతంగా తయారు చేసుకుని, నూటికి నూరు పాళ్లు రైతోనే విస్కీ దించడం నేర్చారు. వాళ్ల ఆల్బెర్టా ప్రీమియం అలా వచ్చిందే.

ఆ ఇంటి నుంచే వచ్చిన ఇంకో సీసా డార్క్ హార్స్. అమెరికాలో డార్క్ బ్యాచ్ పేరుతో అమ్మారు. గొడవంతా దీని గురించే. అందులో ఏముందో డార్క్ బ్యాచ్ తెచ్చినప్పుడు కంపెనీయే చెప్పింది: 91% రై విస్కీ, 8% అమెరికా నుంచి తెచ్చిన బర్బన్ అనే మొక్కజొన్న విస్కీ, 1% ఒలొరోసో రకం షెర్రీ. ఆల్కహాల్ 45%. దాచిందేమీ లేదు. అయినా ఆ చివరి 1% దగ్గరే మనవాళ్లకు ఒళ్లు మండుతుంది. విస్కీలో వైన్ పోయడమేంటి అంటారు.

ఆ 1% ఎంతో ఒకసారి లెక్క వేయండి. 750 ఎంఎల్ సీసాలో 7.5 ఎంఎల్, అంటే చెంచాన్నర. 60 ఎంఎల్ పెద్ద పెగ్గులో 0.6 ఎంఎల్, అంటే ఓ డజను చుక్కలు. మరి షెర్రీ పీపా సంగతి? 500 లీటర్ల పీపాకు ఇదే లెక్క వేస్తే 5 లీటర్లు. అప్పుడే షెర్రీ ఖాళీ చేసిన పెద్ద పీపా చెక్క అంతకు తగ్గకుండా వైన్ పీల్చుకునే ఉంటుంది. అందులో విస్కీ పోస్తే ఆ వైన్ ఎక్కడికి పోతుంది? విస్కీలోకే వస్తుంది. అంటే మనం నెత్తిన పెట్టుకునే షెర్రీ పీపా స్కాచ్‌లో ఉన్నదీ షెర్రీయే. చెక్క గుండా వచ్చింది కాబట్టి దానికి గౌరవం. నేరుగా వచ్చిన షెర్రీకి నింద.

ఇంకో మాట. ఆ పీపాల గురించి మనకు నూరిపోసిన కథ కూడా పాతబడిపోయింది. ఒకప్పుడు షెర్రీ పీపాల్లోనే ఓడలెక్కి బ్రిటన్ వచ్చేది. అక్కడ సీసాల్లో నింపాక ఖాళీ పీపాలు చవగ్గా దొరికేవి, స్కాట్లండ్ వాళ్లు కొనుక్కునేవారు. 1980ల్లో అది ఆగిపోయింది. షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపి పంపాలన్నారు. అప్పటినుంచి విస్కీ కంపెనీలు కొత్త పీపాలు చేయించి, స్పెయిన్‌లో షెర్రీ తయారయ్యే హెరెస్ ప్రాంతంలో ఏడాదో రెండేళ్లో వాటిలో షెర్రీ నింపించి, ఆ తర్వాత ఖాళీ పీపా తెచ్చుకుంటున్నాయి. ఆ షెర్రీ ఎక్కువగా తాగడానికి అమ్మేది కాదు. వెనిగర్‌కో, మళ్లీ మరిగించడానికో పోతుంది. షెర్రీ వాళ్లు పాతదాంట్లో కొత్తది కలుపుతూ తరతరాలుగా వాడే అసలు సొలెరా పీపాలు విస్కీకి దక్కేది అరుదు. అంటే ఇవాళ్టి షెర్రీ పీపా విస్కీకి షెర్రీ రుచి ఎక్కించడానికే తయారు చేయించిన పనిముట్టు. తప్పేమీ లేదు. అందులోంచి వచ్చిన గొప్ప విస్కీలు నేనూ ఇష్టంగా తాగుతాను. కానీ అది పవిత్రమైతే ఇది అపవిత్రం ఎలా అయింది?

చెక్క చేసే పని వేరే ఉందని ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి గాలి ఆడుతూ, ఓక్ వగరు దిగుతూ, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం పీపాలోనే జరుగుతుంది. డజను చుక్కలతో అది రాదు. అయితే డార్క్ హార్స్‌కు ఆ అవసరం లేదు. అందులోని రైకి కాల్చిన ఓక్ పీపాల నుంచే చెక్క దండిగా వచ్చేసింది. షెర్రీని పిలిచింది ఇంకో పనికి.

ఆ పని తెలియాలంటే మాటలు చాలవు. ఇంట్లో చేసి చూడండి. నేను చాలామందికి ఇలాగే చూపించాను. మంచి ఒలొరోసో షెర్రీ ఒక చిన్న సీసా కొనండి. తియ్యటిది వద్దు. షెర్రీ అంటేనే తీపి అనుకుంటారు కానీ ఒలొరోసో సహజంగా తీపి లేనిది. అక్రోటు, ఎండుద్రాక్ష, పాత చెక్క వాసనలుంటాయి, నాలుక మీద మాత్రం పొడిగా ఉంటుంది. ద్రాక్షను ఎండబెట్టి చేసే పెడ్రో హిమెనెస్ షెర్రీ పాకంలా ఉంటుంది, దాంతో ఈ పరీక్ష కుదరదు. ఇక షెర్రీ ఏమీ కలవని రై విస్కీ కావాలి. ఆల్బెర్టా ప్రీమియం సరిపోతుంది. ఒంటారియోలో ఉన్నవాళ్లు లాట్ 40 తీసుకోండి. విండ్సర్‌లోని హైరమ్ వాకర్ డిస్టిలరీలో కుండ బట్టీలో దించే నూరు శాతం రై అది, నా దృష్టిలో కెనడా విస్కీల్లో మొదటి వరసలో ఉంటుంది.

మూడు గ్లాసుల్లో ఆ రై విస్కీ తలా 30 ఎంఎల్ పోయండి. మొదటిదాన్ని ముట్టుకోకండి. పిల్లల సిరప్‌తో పాటు ఇచ్చే చిన్న సిరంజి తీసుకుని రెండో గ్లాసులో 0.3 ఎంఎల్ షెర్రీ వేయండి. అది ఒక శాతం. మూడోదాంట్లో 3 ఎంఎల్ వేయండి. పది నిమిషాలు కదపకుండా వదిలేయండి.

మొదటి గ్లాసు దగ్గర ముక్కు పెడితే లవంగం, పచ్చి గడ్డి, కొంచెం శొంఠి. నోట్లో పోస్తే మిరియాల ఘాటు నేరుగా నాలుక చివర కొట్టి, గొంతు దగ్గర చురుక్కుమంటుంది. రెండో గ్లాసులో షెర్రీ వాసన వెతికినా దొరకదు. కానీ ఆ పచ్చి గడ్డి వాసన వెనక్కి తగ్గి, లవంగం ఉన్నచోటే ఎండు ఖర్జూరం లాంటి చిక్కదనం ఒకటి కింద చేరుతుంది. ఘాటు తగ్గదు, దానికి అడుగున ఆధారం దొరుకుతుంది. జలుబు చేసినప్పుడు ఇంట్లో కాచే శొంఠి మిరియాల కషాయంలో చిన్న బెల్లం ముక్క ఏం చేస్తుందో ఇక్కడ షెర్రీ ఆ పని చేస్తుంది. కషాయం తియ్యగా అయిపోదు, గొంతులోకి హాయిగా దిగుతుంది, అంతే. మూడో గ్లాసు మాత్రం పాడైపోతుంది. రై కనబడదు. ద్రాక్ష, వైన్ పులుపు, నీరసం.

ఆ మూడో గ్లాసులో వేసింది ఊరికే ఎంచుకున్న కొలత కాదు. 30కి 3 కలిస్తే మొత్తంలో పదకొండో వంతు, అంటే 9.09%. కెనడా చట్టం బయటి మద్యం కలపడానికి పెట్టిన హద్దు దాదాపు అదే. విస్కీని కెనడాలోనే వండి, దించి, 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉంచాలి. ఆల్కహాల్ 40%కి తగ్గకూడదు. ఆ తర్వాత చెక్కలో రెండేళ్లున్న మద్యం గానీ, వైన్ గానీ ఆ హద్దు దాటకుండా కలుపుకోవచ్చు. అమెరికాకు పంపే సరుకులో అమెరికన్ మద్యం కొంత ఉంటే అక్కడ పన్ను కలిసొచ్చేది కాబట్టి కంపెనీలు ఈ వెసులుబాటును బాగా వాడుకున్నాయి. అవతల అమెరికాలో రై విస్కీ అనాలంటే ధాన్యంలో కనీసం 51% రై ఉండాలి, కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలి. కెనడాలో అసలు రై గింజే లేకుండా కూడా సీసా మీద రై విస్కీ అని వేసుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది.

కాబట్టి విమర్శించేవాళ్ల కోపంలో న్యాయం లేదని నేను అనను. ఈ చట్టం వదులుగా ఉంది. పైగా మద్యం సీసాల మీద పదార్థాల జాబితా వేయనక్కర్లేదని ఈ దేశంలో మినహాయింపు కూడా ఉంది. బిస్కట్ ప్యాకెట్ మీద ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాలి, విస్కీ సీసా మీద ఏం కలిపారో చెప్పనక్కర్లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడ. షెర్రీ పోస్తే పోయండి, ఎంత పోశారో అట్ట మీద వేయండి. 1% అని చెప్పిన కంపెనీని కల్తీ అని తిట్టి, ఏమీ చెప్పని వాళ్లను అమాయకంగా తాగేస్తే రేపు ఎవరు చెబుతారు? నిజం చెప్పినందుకే మార్కెట్లో దెబ్బతింటామని తెలిశాక ఎవరైనా నోరు మూసుకుంటారు. మన తిట్లు తప్పు గుమ్మంలో పడుతున్నాయి.

పీపా దారిలో వెళ్లిన కెనడా వాళ్లూ ఉన్నారు. ఒంటారియోలోని గ్రిమ్స్‌బీలో జాన్ హాల్ అనే వైన్ తయారీదారు మొదలుపెట్టిన ఫార్టీ క్రీక్ అందులో పేరున్నది. రై, బార్లీ, మొక్కజొన్న దేనికది విడిగా దించి, విడి పీపాల్లో పెంచి, తర్వాత కలిపి షెర్రీ పీపాల్లో ఉంచారు. అదే బ్యారెల్ సెలెక్ట్. వైన్ చేసిన చేతికి విస్కీ అప్పగిస్తే ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది: మెత్తగా, గింజల కమ్మదనంతో, ఎక్కడా గీరుకోకుండా. 2014లో ఇటలీ మద్యం కంపెనీ కంపారి దాన్ని కొనేసింది. మంచి విస్కీయే, ధరకు ఇంకా మంచిది. కానీ రై ఘాటు కావాలంటే అందులో దొరకదు. షెర్రీ, రై ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలంటే రై గొంతు గట్టిగా ఉండాలి. నాకు డార్క్ హార్సే ఎక్కువ నచ్చడానికి కారణం అదే.

ఇక మన వీకెండ్ పార్టీల సంగతి. ఏ ఇంటి బేస్‌మెంట్‌కు వెళ్లినా సీసా చూడగానే మొదటి ప్రశ్న "ఏజ్ ఎంత?" పన్నెండా, పద్దెనిమిదా? ఏజ్ లేకపోతే విలువ లేదు. అవార్డు వస్తే మాత్రం అకస్మాత్తుగా విలువ వచ్చేస్తుంది. విస్కీలకు మార్కులు వేసే విస్కీ బైబిల్ అనే పుస్తకం 2016 సంచికలో క్రౌన్ రాయల్ నార్తర్న్ హార్వెస్ట్ రైకి ప్రపంచంలోకెల్లా మొదటి స్థానం ఇచ్చాక, నిన్నటిదాకా కెనడా సరుకు అని మొహం తిప్పుకున్నవాళ్లే దాని కోసం షాపులన్నీ తిరిగారు. నార్తర్న్ హార్వెస్ట్ మంచిదే. అవార్డుకు ముందు రోజు కూడా అంతే మంచిది. ఎవరో చెప్పాక నచ్చడం మొదలైతే అది మన నాలుక పని కాదు.

ఇంకా బాధ కలిగించేది, మూత తీసిన క్షణంలోనే కోక్ పొయ్యడం. ఇక్కడి వాళ్లు రైలో జింజర్ ఏల్ కలుపుకుంటారు, అది వాళ్ల ఊరి అలవాటు, చల్లటి సాయంత్రం బాగానే ఉంటుంది. కానీ దానికి మామూలు చవక సీసా చాలు. 91% రై పెట్టి, దానికి కొలిచి షెర్రీ జత చేసిన సీసాను కోక్‌లో ముంచితే మిగిలేది కోక్ ఒక్కటే. పక్కన మంచింగ్‌కు కారం దట్టించిన చికెన్ పకోడీ. నాలుక మండిపోయాక మిరియం ఏది, లవంగం ఏది? అన్నా, పకోడీ తినొద్దని అనడం లేదు. మొదటి పెగ్గు దాకా ఆగమంటున్నాను. ఆ పెగ్గుతో వేయించిన జీడిపప్పో, కారం లేని పల్లీలో, ఓ రెండు అక్రోట్లో పెట్టుకోండి. ఒలొరోసోలో ఉన్న అక్రోటు వాసనకు అవి బాగా జోడీ కుదురుతాయి.

ఐస్ కూడా వద్దు. చల్లబడితే ఎండుద్రాక్ష, ఖర్జూరం వాసనలే ముందు మాయమవుతాయి, ఓక్ చేదు మాత్రం మిగులుతుంది. నోరు చిన్నగా ఉండే గ్లాసు తీసుకోండి. ఆల్కహాల్ 45% కాబట్టి మొదటి వాసనకు ముక్కు మండుతుంది, పెదాలు కొంచెం తెరిచి ఉంచి పీలిస్తే మండదు. ముందు అలాగే ఒక గుక్క. తర్వాత అర చెంచా నీళ్లు పోసి ఇంకో గుక్క. నీళ్లు పడగానే డార్క్ హార్స్‌లో నల్ల చెర్రీ లాంటి వాసన పైకి వస్తుంది, అది పైకి వచ్చే ఆ రెండు మూడు నిమిషాల కోసమే నేను ఈ సీసా కొంటాను. మింగాక చివర్లో మిరియం, కాలిన చెక్క, సన్నటి చేదు చాలాసేపు నిలుస్తాయి. ఆ చేదు కొందరికి పడదు. పడకపోతే అది న్యాయమైన అభ్యంతరమే, దాని మీద ఎంతసేపైనా వాదించుకుందాం. తాగి చెప్పిన మాట కాబట్టి.

షెర్రీ పీపా స్కాచ్‌కు పెట్టే ధరలో సగం కూడా ఉండదు ఇది. ఊరికి వెళ్లేటప్పుడు డ్యూటీ లేకుండా తీసుకెళ్లనిచ్చే రెండు లీటర్లలో ఎప్పుడూ ఆ రెండు మూడు స్కాచ్ పేర్లే సూట్‌కేస్ ఎక్కుతున్నాయి. ఈసారి ఒక సీసా దీనికి ఇవ్వండి. బావకో, బాబాయికో పోసేటప్పుడు అందులో ఒక శాతం షెర్రీ ఉందని ముందే చెప్పండి, దాచకండి. తాగాక ఆయన ఏమన్నారో కింద రాయండి, నచ్చలేదన్నా సరే.